ఏం చదువుతున్నావంటే క్లాసు పేరు చెప్పకండి!

మన వైపు ఎవరినైనా "ఏం చదువుతాండావప్పా?" అని అడిగి చూడండి. "డిగ్రీ సెకండియర్" అంటారు. "ఇంటర్ ఎంపీసీ" అంటారు. "చదువైపోయిందన్నా, డీఎస్సీకి ప్రిపేరవుతాండా" అంటారు. ఒక్కరంటే ఒక్కరు పుస్తకం పేరు చెప్పరు. తెలుగులో చదువు అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి బడికి, కాలేజీకి పోయేది. రెండోది పుస్తకం తెరిచి కళ్ళతో చేసేది. మన హాస్టళ్ళలో మొదటి అర్థం రెండోదాన్ని మింగేసింది. అందుకే "చదువైపోయింది" అని ఇరవై రెండేళ్ళకే అనగలుగుతున్నాం.

బయోడేటాల సంగతి వేరు. అందులో హాబీల దగ్గర మనమంతా "రీడింగ్ బుక్స్" అనే రాస్తాం. క్రికెట్ అని రాస్తే బాగుండదని ఎవరో చెప్పారు కాబట్టి! మా మిత్రుడొకరు ఒక ఇంటర్వ్యూకి పోతే అక్కడి పెద్దమనిషి ఆ వరుస చూసి, "మంచిది బాబూ, ఇప్పుడేం చదువుతున్నావు?" అని అడిగాడట. మనవాడు ‘మహాప్రస్థానం’ అన్నాడు. "అది ఎప్పుడో చదివుంటావు, ఇప్పుడు, ఈ వారం ఏం చదువుతున్నావు?" అని మళ్ళీ అడిగాడు. మనవాడి దగ్గర జవాబు లేదు. నిజానికి జవాబు ఉంది. ఆ వారం వాడు మధుబాబు షాడో నవల చదువుతున్నాడు, సగంలో ఉన్నాడు, రాత్రి పన్నెండు దాకా వదల్లేదు. కానీ చెప్పడానికి సిగ్గుపడ్డాడు.

ఆ సిగ్గు గురించే ఈ సంచికలో నాలుగు మాటలు రాయాలనుకున్నాం. మేమంటే ఆదోని, ఎమ్మిగనూరు హాస్టళ్ళలో పెరిగి, ఇప్పుడు పీజీలు చదువుకుంటూ, సెలవుల్లో మళ్ళీ ఇక్కడికే చేరే కొందరం.

హాస్టల్లో ఏ ట్రంకు పెట్టె తెరిచినా (తనిఖీ చేసే సారులాగా కాదు, స్నేహితుడిలాగా తెరవాలి) పైన క్లాసు నోట్సులుంటాయి. వాటి కింద బిట్ బ్యాంకులు, కరెంట్ అఫైర్స్. ఆ కింద సబ్బు, కొబ్బరినూనె సీసా, ఇంటి నుంచి తెచ్చుకున్న బొరుగులు, బుడ్డలు. అన్నిటికంటే అడుగున, దుప్పటి మడతలో, అట్ట లేని పుస్తకం ఒకటి ఉంటుంది. యండమూరి కావచ్చు, పాత చందమామ కావచ్చు, ముందు పేజీలు చిరిగిపోయి పేరే తెలియనిది కావచ్చు. దాన్ని ఎందుకు దాచాలి? బీడీలు కాదే, పేకముక్కలు కాదే!

దాచడానికి కారణం ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యడం మాకిష్టం లేదు. మన పిల్లల్లో ఎక్కువమంది సుగ్గికి పోయే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. దసరా, దీపావళి దాటితే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద మండలాల్లో ఎన్ని ఊర్లలో ఎన్ని ఇళ్ళకు తాళాలు పడతాయో మీకు చెప్పనక్కరలేదు. ముందు పత్తి తీతకు, ఆ తర్వాత గుంటూరు వైపు మిరప కోతకు. కొందరు తెలంగాణ దిక్కు. అవ్వాతాతలు, మేకలు ఊర్లో మిగులుతాయి. పిల్లల్ని వెంటబెట్టుకుపోతే బడి పోతుందని సీజనల్ హాస్టళ్ళు కూడా పెట్టాల్సి వచ్చిన ప్రాంతం మనది. అలాంటి అమ్మానాయన, చేతుల మీద మిరపఘాటు మంట ఇంకా ఆరకముందే హాస్టల్‌కొచ్చి చూస్తే, కొడుకు కథల పుస్తకం పట్టుకుని కూర్చోనుంటాడు. "దీనికా నాయనా నిన్ను ఈడ పెట్టింది?" అంటే మన దగ్గర మాట ఉండదు. పుస్తకమంటే ఉద్యోగమిచ్చేది, లేకపోతే దండగ. ఈ లెక్క వాళ్ళు తమాషాకు వేసుకున్నది కాదు, ఒళ్ళు హూనం చేసుకుని వేసుకున్నది.

అయినా మేం చెప్పేదేమంటే, దాచవద్దు. చెప్పుకుందాం. ఇప్పుడు చదువుతున్నది ఏదైతే అది, అందులో నచ్చింది ఏదైతే అది, నలుగురికీ వినపడేలా చెప్పుకుందాం.

"చదివిన గొప్ప పుస్తకాలు" చెప్పమనడం లేదు, గమనించండి. ఆ జాబితాలు మనకు కొత్త కాదు. ప్రతి వార్షికోత్సవానికీ ముఖ్య అతిథి ఒకరు మైకు పట్టుకుని పది పేర్లు వరసగా చదువుతారు, మనం చప్పట్లు కొడతాం, తర్వాత భోజనాలకు పోతాం. ఆ పదిలో ఒక్కటైనా ఎవరైనా వెతుక్కుని చదివారా? మాకు తెలిసినంతలో లేదు. తప్పు ఆ పుస్తకాలది కాదు. "చదవాలి" అన్న మాటలో బరువే తప్ప రుచి లేదు. అదే పక్క మంచం మీదివాడు రాత్రి పూట తనలో తాను నవ్వుకుంటూ ఉంటే, "ఏందిరా అది, మాకూ చెప్పు" అని అడగకుండా ఉండగలమా? నామిని ‘సినబ్బ కతలు’ మా గదిలోకి అలాగే వచ్చింది. ఒకడి నవ్వు విని ఇంకొకడు లాక్కున్నాడు. వారంలో ఆరుగురు చదివారు. చిత్తూరు జిల్లా పల్లె మాట మనకు కొంచెం తేడాగా ఉన్నా, "మన అవ్వ మాట్లాడినట్టే ఉంది గదప్పా" అనుకున్నాం. మాలో ఒకడు మాత్రం "ఆయనది ఊరు, మనది వాడ. ఆ కతల్లో మనం ఎంతసేపు కనపడతాం?" అని గొణిగాడు. ఆ మాట మీద రెండు రాత్రులు తగవు నడిచింది. మంచి తగవు. ఏ జాబితా మాకు అంత తగవు పెట్టలేదు.

ఇంతకూ మేము ఇప్పుడు ఏం చదువుతున్నామో చెప్పకుండా మీకు నీతులు చెబితే బాగుండదు. చెబుతాం.

మాలో ఒకరి చేతిలో బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ ఉంది. మన పక్క జిల్లా అనంతపురం కథ, పద్దెనిమిదో శతాబ్దం నాటిది. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మా మిత్రుడు అందులో సగం దగ్గర ఇరుక్కున్నాడు. మనుషుల పేర్లు ఎక్కువ, కులాలు ఎక్కువ, ఎవరు ఎవరికి ఏమవుతారో కాగితం మీద రాసుకుంటూ చదువుతున్నాడు. "బాగుందా?" అంటే "బాగుంది, కానీ కష్టంగా ఉంది" అంటాడు. మాకు ఈ జవాబే కావాలి. అద్భుతం, మహాద్భుతం అనే మాటల కంటే ఇది ఎక్కువ నమ్మకంగా ఉంటుంది.

ఇంకొకరు వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’ రెండోసారి చదువుతున్నారు. రైల్వే పనిలో చేరి, ఆ పనినే నిచ్చెనగా వేసుకుని పిల్లల్ని చదివించిన దళిత కుటుంబం కథ అది. ఇంగ్లీషులో 2011లో వచ్చింది, తర్వాత తెలుగులోకి వచ్చింది. ఇంట్లో మొదటి డిగ్రీ మనదే అయినవాళ్ళకు ఆ పుస్తకం ఎందుకు నచ్చుతుందో వివరించాల్సిన పని లేదు.

మేమందరం కలిసి చదువుతున్నది మాత్రం ఒకటే. అది తెలుగు పుస్తకం కాదు. కన్నడ కవి సిద్ధలింగయ్య ఆత్మకథ ‘ఊరుకేరి’. ఊరంటే ఊరే, కేరి అంటే మన వాడ. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు దాకా బళ్ళారి జిల్లాలో ఉండినవే కదా, సరిహద్దు పల్లెల్లో ఇప్పటికీ ఇంట్లో కన్నడం, బజార్లో తెలుగు. కన్నడ మీడియం బళ్ళున్నాయి. అక్కడ చదివి మన హాస్టల్‌కి వచ్చిన మిత్రుడొకడు, తెలుగు ఒత్తులు ఇప్పటికీ తప్పులు రాస్తాడని మేమంతా ఏడిపించేవాళ్ళం. ఇప్పుడు ఆ పుస్తకం చదవడం వాడికొక్కడికే వస్తుంది! రోజూ రాత్రి భోజనాలయ్యాక ఐదారు పేజీలు కన్నడంలో చదివి, తెలుగులో చెబుతాడు. మేం వింటాం. చదువులో వాడు మాకంటే ఒక మెట్టు కింద అనుకున్నవాళ్ళం, ఇప్పుడు వాడు ఎప్పుడు ఖాళీ అవుతాడా అని ఎదురుచూస్తున్నాం.

ఆ పుస్తకంలో మొదట్లోనే ఒక దృశ్యం ఉంది. చిన్నపిల్లవాడు చూస్తుండగా ఇద్దరు మనుషులు ఎద్దుల్లాగా కాడి మోస్తుంటారు, ఇంకొకడు వెనక దున్నుతుంటాడు. ఆ ఇద్దరిలో ఒకరు ఆ పిల్లవాడి నాయన. అది విన్న రాత్రి మాలో ఎవరూ మాట్లాడలేదు. కానీ పుస్తకమంతా అలా ఉంటుందనుకునేరు. సిద్ధలింగయ్య నవ్విస్తాడు. దయ్యాల గురించి, దేవుళ్ళ గురించి, బెంగుళూరు హాస్టల్ జీవితం గురించి ఆయన చెప్పే తీరుకు పొట్ట పట్టుకుని నవ్వాం. హాస్టల్లో పెరిగినవాడు, కూడు కోసం వరుసలో నిలబడినవాడు, తర్వాత కర్ణాటకలో దళిత ఉద్యమానికి పాటలు కట్టాడు, శాసనమండలి సభ్యుడయ్యాడు. 2021 జూన్‌లో కరోనా తర్వాత చనిపోయాడు. మన హాస్టల్ బతుకు కూడా పుస్తకంలోకి ఎక్కే విషయమేనని మాకు ఎవరూ చెప్పలేదు. పాఠ్యపుస్తకాల్లో హాస్టల్ లేదు. సినిమాల్లో ఉంది, అది మన హాస్టల్ కాదు.

బాలికల హాస్టల్ చెల్లెళ్ళ మాట కూడా చెప్పాలి. సాయంత్రమైతే గేటుకు తాళం, ఫోను ఉండదు, గ్రంథాలయానికి పోవాలంటే సవాలక్ష అనుమతులు. అయినా మాకంటే వాళ్ళే ఎక్కువ చదువుతున్నారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ సంకలనం ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు, మళ్ళీ ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ఎర్రబస్సులో కాలేజీ బ్యాగుల్లో ఎన్ని మార్లు తిరిగిందో! 1921 నుంచి దళిత స్త్రీలు రాసినవన్నీ ఒక్క చోట. మధ్యలో కొన్ని పేజీల పక్కన పెన్సిలుతో చిన్న చిన్న గీతలున్నాయి. ఎవరు గీసారో తెలియదు. ఒకరికి నచ్చిన చోట ఇంకొకరు ఆగుతున్నారు. చెప్పుకోవడానికి వీల్లేని చోట గీతలే మాటలయ్యాయి.

ఇక అసలు అభ్యంతరానికి వద్దాం. "ఇవన్నీ ఉద్యోగాలొచ్చినాక చేసుకోవచ్చు, ముందు మెటీరియల్ చదవండి" అని పెద్దలంటారు. 2025లో మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడినప్పుడు మన హాస్టళ్ళలో అర్ధరాత్రి దాకా లైట్లు ఆరలేదు. అలా చదివి పోస్టు తెచ్చుకున్నవాళ్ళను చూసి మేం గర్వపడతాం. ఆ చదువును తక్కువ చేసి మాట్లాడే హక్కు మాకు లేదు. నవల చదివితే డీఎస్సీలో మార్కులొస్తాయని అబద్ధం చెప్పి మీకు పుస్తకాలు అంటగట్టే ఉద్దేశం కూడా లేదు. రావు. షాడో నవలకు బిట్లు రావు. కానీ రోజుకు పద్నాలుగు గంటలు మెటీరియల్ చదివేవాడు కూడా ఫోనులో రీల్స్ చూడ్డానికి గంట తీస్తున్నాడా లేదా? ఆ గంట గురించే మా పేచీ. పైగా ఉద్యోగం వచ్చినాక చదువుతామన్నవాళ్ళు ఉద్యోగం వచ్చినాక స్థలం కొంటున్నారు, పుస్తకం కొనడం మేమింకా చూడలేదు.

అంబేడ్కర్ గారి జీవితంలోనే ఒక ముచ్చట ఉంది. ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ గ్రంథానికి రాసుకున్న ముందుమాటలో ఆయనే చెప్పుకున్నారు. చదువుకునే రోజుల్లో ఒక పరీక్ష పాసైతే, అంతవరకూ ఆ వాడలో అంత చదివినవాళ్ళు లేరు కాబట్టి సభ పెట్టారు. సభకు అధ్యక్షుడుగా వచ్చిన దాదా కేలూస్కర్ తాను రాసిన బుద్ధుని జీవితచరిత్ర ఆ పిల్లవాడి చేతిలో పెట్టారు. పూలదండ కాదు, శాలువా కాదు. అది బిట్ బ్యాంకు కూడా కాదు! ఆ పుస్తకం ఏ పరీక్షకూ పనికిరాలేదు. ఆ పిల్లవాడు పెద్దవాడై, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నాడు. మధ్యలో దాదాపు యాభై ఏళ్ళు. పుస్తకాలు ఎంత నెమ్మదిగా పనిచేస్తాయో చూడండి. ఆదివారం టెస్టు పెట్టి సోమవారం మార్కులు వేసే పద్ధతిలో వాటి లెక్క తేలదు.

గ్రంథాలయాలు లేవా అంటే ఉన్నాయి. ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమాన్ని నడిపిన పెద్దల్లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు మన కర్నూలులోనే 1883లో పుట్టారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువల్లో పడవ మీద పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పారు. మనకు పడవ తిప్పే కాలువ యాడుంది? ఎల్‌ఎల్‌సీ ఉంది గానీ, అందులో చివరి ఊర్లకు నీళ్ళే రావు, పడవ ఎట్లా వస్తుంది! ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల కోసం వసూలు చేసే చట్టం 1960 నుంచి ఉంది. ఆ పైసలు మన అమ్మానాయన కూడా కడుతున్నారు. కాబట్టి ఆదోనిలో, ఎమ్మిగనూరులో శాఖా గ్రంథాలయంలోకి పోయి కూర్చోవడం ఎవరి దయా కాదు. ఒక హాస్టల్లో గాజు బీరువా నిండా పుస్తకాలుండి, తాళంచెవి మూడేళ్ళు కనపడకపోవడం కూడా చూశాం. దాని గురించి ఎక్కువ రాయం.

ఫోనులో పీడీఎఫ్‌లు లేవా అని కూడా అడుగుతారు. ఉన్నాయి. గ్రూపులో ఒకేసారి రెండు వందల పుస్తకాలు పంపుతారు, అందరూ దండం బొమ్మ పెడతారు, ఎవరూ తెరవరు. పంపడం వేరు, చెప్పడం వేరు. "ఇందులో నలభయ్యో పేజీ చూడు, ఆ ముసలామె అన్న మాట చూడు" అని చెప్పేవాడు కావాలి.

చదువురాని వాళ్ళకు చెప్పడం ఇంకా బాగుంటుందని ఈ మధ్యే తెలిసింది. మాలో ఒకరు సంక్రాంతి సెలవులకు అమ్మ దగ్గరికి పత్తి చేనుకే పోయారు, ఊర్లో ఇంటికి తాళం కాబట్టి. వరుసలో పక్కపక్కన పత్తి తీస్తూ ‘ఏడు తరాలు’ కథ చెప్పారు. అలెక్స్ హేలీ 1976లో రాసిన ‘రూట్స్’ పుస్తకానికి సహవాసి గారి తెలుగు. ఆఫ్రికాలో గాంబియా దేశం, జఫూరు అనే ఊరు, కుంటా కింటే అనే పిల్లవాడు. చెట్టు కోసం అడవికి పోతే పట్టుకుని, ఓడలో గొలుసులేసి అమెరికాకు తీసుకుపోయి అమ్ముతారు. అక్కడ వాళ్ళ పొలాల్లో బానిస చాకిరీ. చుట్టుపక్కల వరుసల్లో ఉన్న ఆడవాళ్ళు కూడా పని ఆపకుండా చెవులు ఇటే పెట్టారు. అంతా విన్నాక అమ్మ అడిగింది: "అది సరే, ఆ పిల్లోని యమ్మ యేమాయె?"

మేం ఆ పుస్తకం ముగ్గురం చదివాం. ఒక్కరికీ ఆ ప్రశ్న రాలేదు. కుంటాతో పాటే మేమూ ఓడెక్కి అమెరికా వెళ్ళిపోయాం. వెనక ఊర్లో, కొడుకు ఎందుకు రాలేదో తెలియకుండా మిగిలిపోయిన తల్లి బింటా మాకు గుర్తే లేదు. మళ్ళీ పేజీలు తిరగేశాం. కొడుకును పట్టుకుపోయిన తర్వాత ఆ తల్లికి ఏమైందో పుస్తకం మనకు చూపించదు. "సుగ్గికి పోయిన పిల్లోడు ఒక దినం ఫోన్ చేయకపోతేనే నాకు కూడు దిగదు" అంది అమ్మ. అప్పట్నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "కొత్తగా ఏం సదువుతాండావు?" అని అడుగుతోంది. ఆ ఇంట్లో ఆ ప్రశ్నకు ఇప్పుడు క్లాసు పేరు జవాబు కాదు.

కాబట్టి ఈ వార్షికోత్సవానికి మేం చేస్తున్నది చిన్న పని. భోజనాల హాలులో, మెనూ బోర్డు పక్కన మేకుకు దారం కట్టి ఒక లాంగ్ నోట్‌బుక్ వేలాడదీస్తున్నాం. పేరు, పుస్తకం పేరు, ఎన్నో పేజీలో ఉన్నారు, నచ్చింది ఒక్క మాట. అంతే. పూర్తి చేసిన పుస్తకాలు రాయక్కర్లేదు. సగంలో వదిలేస్తే ఎందుకు వదిలేశారో రాయండి, అది కూడా పనికొస్తుంది. స్వాతి వారపత్రిక అయినా రాయండి, బైబిలు అయినా రాయండి, పాత చందమామ అయినా రాయండి. ఎవరు ఏం రాసినా నవ్వకూడదన్నది ఒక్కటే షరతు. పుస్తకం చూసి నవ్వొస్తే మాత్రం గట్టిగా నవ్వండి. ఇంకో విన్నపం, వార్డెన్ సార్లకు, మేడమ్‌లకు: దయచేసి ఆ నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకు పెట్టకండి, సంతకం చేయకండి. మీరు చదువుతున్నది ఉంటే మీరూ ఒక వరుస రాయండి. కుక్, కమాటీ, వాచ్‌మన్ అన్నలకు కూడా అందులో చోటుంది.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక మాట. మీరు ప్రతి ఏడూ ఫ్యాన్లు ఇస్తున్నారు, పేర్లు చెక్కించిన ప్లేట్లు ఇస్తున్నారు, సంతోషం. ఈసారి వచ్చేటప్పుడు మీ సంచిలో ఉన్న పుస్తకం, మీరు చదువుతున్నదే, గుర్తు పెట్టిన చోట గుర్తు అలాగే ఉంచి తీసుకురండి. స్టేజీ మీద మీ హోదా చెప్పే బదులు అందులో ఒక ముచ్చట చెప్పండి. సంచిలో పుస్తకమేదీ లేకపోతే ఫ్యాను తెచ్చినా పర్వాలేదు, ఎండాకాలం వస్తోంది.

నోట్‌బుక్‌లో మొదటి వరుస మేమే రాశాం: ‘ఊరుకేరి’, ఇంకా అరవై పేజీలుంది. మా కన్నడ మిత్రుడికి వచ్చే నెల పరీక్షలు, రోజూ చెప్పడం కుదరదంటున్నాడు. కోసిగి, హొళగుంద వైపు నుంచి వచ్చిన తమ్ముళ్ళలో, చెల్లెళ్ళలో కన్నడం చదవగలిగినవాళ్ళుంటే రాత్రి ఎనిమిదిన్నరకు మెస్ హాలుకు రండి. తెలుగు ఒత్తులు రాకపోయినా ఫర్వాలేదు.